తంగేడు గొంతు

861. మంగళవారం

నల్లబోడు గుట్ట మీద చదివే ప్రతివాళ్ళూ, గుట్ట ఎక్కిన రోజు నుంచి రోజుల అంకె వేసుకుంటూ, రోజూ చిట్టా రాయాలి. ఎంటెక్ ముగించి, యాంటెన్నాల్లో పైశిక్షణ కోసం ఈ గుట్ట ఎక్కిన మొదటి రోజునే మా గురువు లక్ష్మణాచారి సార్ ఆ నియమం చెప్పారు. ఏం రాయమంటారని అడిగితే, అర్థమైనదాన్ని ఎటూ పరీక్షలో రాస్తావు, అర్థం కానిదాన్ని చిట్టాలో రాయి అన్నారు. నాకు అర్థం కానివి జాస్తి. చిన్నప్పుడు మా అమ్మ నన్ను కుందన అని పేరుతో పిలిచింది తక్కువ, 'ఎందుకమ్మ' అని పిలిచింది ఎక్కువ.

ఈ వారం పొద్దుటి పని నాదీ, నా తోటి విద్యార్థి మస్తాన్‌వలిదీ. నిచ్చెన నాది, కింద మీటల దగ్గర అతను. వెలుగు రాగానే పెద్ద డిష్‌ను నేల వైపు వంచుతాం. దాని పలకల మీద దుమ్ము దులపాలి, కీళ్ళకు గ్రీజు పెట్టాలి, తీగల బిగింపు చూడాలి, గాలి ఎంత, వేడి ఎంత, దుమ్ము ఎంత అన్నది పట్టికలో ఎక్కించాలి. చివరికి డిష్ మధ్యలో నిలబడి ఉండే గొట్టం దగ్గరికి ఎక్కి, దాని మూతకు పసుపూ కుంకుమా తడిపి బొట్టు పెట్టి, దండం పెట్టుకుని దిగాలి. ఆ తర్వాతే డిష్‌ను ఆకాశానికి లేపే మీట నొక్కడం. నడినెత్తికి పొద్దు రాకముందే ఎండ సైరన్ మోగుతుంది కాబట్టి ఇదంతా చకచకా జరిగిపోవాలి. సైరన్ తర్వాత బయట మిగిలినవాడు మనిషైనా మేకైనా మళ్ళీ లేవడు. మేమంతా కొండను తొలిచి కట్టిన గదుల్లోకి పోయి సాయంత్రం దాకా పడుకుంటాం.

బొట్టుకు నీళ్ళు ఎవరి వాటాలోంచి వాళ్ళే తీయాలి. చెంచాడే, కానీ ఇక్కడ చెంచాడు నీళ్ళకు కూడా ఇద్దరు పోట్లాడుకుంటారు. నేను చేరిన కొత్తలో నా వాటా ఎప్పుడూ ముందే అయిపోయేది. అప్పుడు నా గదిలో ఉండే సీనియర్ వకుళక్క తన చెంబులోంచి పోసేది. నిచ్చెన ఎక్కడం, గ్రీజు పెట్టడం, బొట్టు పెట్టడం, సార్ కోపంగా ఉన్నప్పుడు ఎదురు పడకుండా ఉండడం, అన్నీ ఆమే నేర్పింది.

వకుళక్క ఇప్పుడు గురుగ్రహం దగ్గర ఉంది. 'తంగేడు' అనే ఓడలో, మరో ముగ్గురితో. కబుర్లు పంపే ఇంజనీరు ఆమే. ఓడ బయల్దేరిన ఏడాదే భూమి చుట్టూ తిరిగే ఉపగ్రహాలు ఒకదాన్నొకటి గుద్దుకుని తుక్కయిపోయాయి. దాంతో ఓడ మాటలు వినే పని నేల మీది పాత డిష్‌లకూ, వాటి దగ్గర చదువుకునే మాలాంటివాళ్ళకూ వచ్చి పడింది. పోయిన నెల రాళ్ళ ధూళి తగిలి ఓడ పెద్ద యాంటెన్నా చిరిగిపోయింది. అక్క లోపల ఒక కిటికీకి చేత్తో అమర్చుకున్న చిన్న యాంటెన్నాతో మాట్లాడుతోంది. మేం పంపేది కేక, అది ఆమెకు చక్కగా వినపడుతుంది. ఆమె పంపేది గుసగుస, మాకు చేరేసరికి ముక్కలైపోతోంది.

ఈ ఆదివారం కాదు, పై ఆదివారం తంగేడు గురుగ్రహాన్ని చుట్టి వెనక్కి తిరగాలి. అందుకు ఇంజిన్ మండించాలి. ఆ ధూళి ఇంజిన్‌నూ, ఓడలోని లెక్కల యంత్రాన్నీ కూడా దెబ్బ తీసింది. ఎంతసేపు మండించాలో లెక్క ఇక్కడే కట్టి చెప్పాలి, దానికి ఇంజిన్ లోపలి అంకెలు మాకు అందాలి. అందకపోతే గుడ్డి లెక్కే గతి. అది తప్పితే ఓడ అవతలికి పోతుంది, ఇక రాదు.

మా ఒక్క డిష్ చాలదు కనక, రెండేళ్ళుగా పని పంచుకుంటున్న మూడు కేంద్రాలు ఇప్పుడు ఒకేసారి వింటున్నాయి. ఒకటి మాది, ఒకటి కజక్ మైదానంలో, ఒకటి మడగాస్కర్‌లో. ముగ్గురం విన్నదాన్ని సముద్రం అడుగున వేసిన తీగ మీద పంపించుకుని ఒక్కటిగా కలుపుతాం. ఇది తేరు లాగడం లాంటి పని. అందరూ ఒక్క ఊపున లాగితేనే కదులుతుంది, ఒకరు కాస్త వెనకపడితే మిగతావాళ్ళ బలమూ దండగ. మా ముగ్గురిలో వెనకపడుతున్నది మా డిష్, అది పట్టిన అల మిగతా రెండింటికన్నా వెంట్రుకవాసి ఆలస్యంగా వస్తుంది. పొద్దున్నే బాగా వెనకపడుతుంది. ఎండెక్కేకొద్దీ సర్దుకుంటుంది. పూర్తిగా సరిపోయే వేళకు సైరన్ మోగుతుంది, ఓడ కూడా దిగిపోతుంది. సాయంత్రం ఒక నక్షత్రం వైపు తిప్పి పరీక్షిస్తే మూడూ ఒక తల్లి పిల్లల్లా కలిసిపోతాయి. పరీక్షలో పాసై పనిలో ఫెయిలయ్యే డిష్‌ను నేను ఇదే చూడడం.

862. బుధవారం

వేడి వల్ల డిష్ వంగుతోందని సార్ అనుమానం. పొద్దున్నే సౌలెతో మాట్లాడాను. సౌలె కజక్ కేంద్రంలో నాలాగే శిక్షణలో ఉన్న అమ్మాయి. ఈ ఉమ్మడి పనిలో ఒక కట్టుబాటు ఉంది. ఎవరి డిష్‌లో తప్పును వాళ్ళు వెతకకూడదు. సొంత బిడ్డ మెల్లకన్ను తల్లికి కనపడదు కదా. నా డిష్ తప్పులు సౌలె వెతకాలి, సౌలె డిష్ తప్పులు నేను వెతకాలి. రెండేళ్ళుగా మేం ఒకరినొకరు తప్పుపట్టుకుంటూ మంచి స్నేహితులమయ్యాం.

మా మధ్య మాటలు నడిపేది అనువాద పెట్టె. దానికి తెలుగు నేర్పినవాళ్ళెవరో గానీ పాతకాలపు రేడియో వార్తలు వినిపించి నేర్పినట్టున్నారు. సౌలె అక్కడ పకపకా నవ్వుతూ అన్న మాట ఇక్కడికి సంతాప సభలో ప్రసంగంలా వస్తుంది.

"కుందన గారూ, ఎండ పెరిగిన కొలది దోషము తగ్గుచున్నది. వేడియే కారణమైనచో పెరగవలెను గదా?" అంది పెట్టె.

నిజమే. వేడి కాదు. మంచు కూడా కాదు, ఈ గుట్ట మీద మంచు పడటం ఆఖరుసారి మా అవ్వ చూసిందట. గ్రీజు మార్చాం. తీగలు విప్పి కొత్తవి బిగించాం. సాయంత్రం నక్షత్రం పరీక్షలో మళ్ళీ నూటికి నూరు. ఆ డిష్ నన్ను వెక్కిరిస్తున్నట్టుంది. కోపం రావాలి గానీ, నిజం చెప్పాలంటే, నాకు సరదాగా ఉంది. అంతలోనే అక్క గుర్తొచ్చి ఆ సరదాకు సిగ్గేస్తోంది.

864. శుక్రవారం

ఈరోజు ఓడ వైపు నుంచి చాలాసేపు ఏమీ రాలేదు. తర్వాత వచ్చిన దాంట్లో ఒక అంకెలో సగం మాత్రం దొరికింది. అది ఒత్తిడిదో వేడిదో కూడా తెలియలేదు. సార్ మైకు దగ్గర వంగి, సరిగ్గా వినపడలేదమ్మా, మళ్ళీ చెప్పు అని మెల్లగా అన్నారు. ఈ నెలలో ఆ మాట ఎన్నిసార్లు అన్నారో. అంటున్నప్పుడల్లా ఆయన గొంతు ఇంకాస్త మెత్తబడుతోంది.

సైరన్ మోగే ముందు సౌలె పిలిచింది. మూడు డిష్‌ల అలలూ తెర మీద గీసిన నెల రోజుల గీతలన్నీ ముందేసుకుని కూర్చుందట. మా డిష్ రోజూ వెనకపడుతున్నా, శుక్రవారాల్లో మరీ వెనకపడుతోందని కనిపెట్టింది. వాళ్ళకు శుక్రవారం తేడా లేదు, మడగాస్కర్‌కూ లేదు.

"సూర్యునకు శుక్రవారము తెలియునా?" అని అడిగింది పెట్టె.

నేను నవ్వాను. తర్వాత మధ్యాహ్నమంతా నిద్ర పట్టలేదు. ఎండకు, గాలికి, దుమ్ముకు వారం పేర్లు తెలియవు. తెలిసేది మనుషులకే.

865. శనివారం

శుక్రవారం మేం వేరేగా చేసే పనులన్నీ మస్తాన్‌తో కూర్చుని తలుచుకున్నాను. ఆడవాళ్ళం తలంటుకుంటాం, ఆ ఒక్కరోజు వాటా నీళ్ళు ఎక్కువిస్తారు. పొద్దున బొరుగుల ఉగ్గానికి బదులు పొంగలి చేస్తారు. మస్తాన్ మధ్యాహ్నం నమాజుకు కింది గదికి పోతాడు. సార్ తెల్ల చొక్కా వేసుకుంటారు. వీటిలో ఏ ఒక్కటీ డిష్‌ను ముట్టుకునేది కాదు. డిష్‌ను ముట్టుకునే పనికి పట్టికలో గడి ఉంటుంది, ఆ గడులన్నీ చూశాం. శుక్రవారం గ్రీజు బుధవారం గ్రీజు లాంటిదే.

సార్ తెల్ల చొక్కా మీద ఎండ పడి తిరిగి డిష్‌లోకి పోతోందేమో అన్నాను.

"నీకు తిండి అరగడం లేదు మే," అన్నాడు మస్తాన్.

868. మంగళవారం

దొరికింది. 

ఈ వారం నిచ్చెన మస్తాన్‌ది. తన వారంలో అతను మూతకు పసుపు కుంకుమలు కాకుండా, పెనుకొండ దర్గా నుంచి తెచ్చుకున్న గంధం అరగదీసి పూస్తాడు. గుట్ట మీద ఎవరి పద్ధతి వాళ్ళది, డిష్ అందరిదీ. ఓడకు కష్టం వచ్చినప్పటి నుంచి అందరం కాస్త ఎక్కువగానే పెడుతున్నాం. మస్తాన్ ఈరోజు అరచేతి నిండా తీసుకుని పట్టించి, వేళ్ళకు మిగిలింది తన మెడకు రాసుకుని దిగాడు.

మీట నొక్కాం. మా డిష్ ఎన్నడూ లేనంత వెనకపడింది. మంగళవారం ఇంత తేడా ఎప్పుడూ లేదు, ఇది శుక్రవారాన్ని కూడా మించింది. తెర ముందు ఉగ్గాని తింటూ, ఆ గీత నెమ్మదిగా పైకి రావడం చూస్తూ కూర్చున్నాను. ఎదురుగా మస్తాన్. అతని మెడ మీద గంధం అంచుల్లో ఆరి తెల్లబడుతోంది, మధ్యలో ఇంకా తడిగా ఉంది. గీత సగం ఎక్కింది. గంధం సగం ఆరింది. నేను ముద్ద కింద పెట్టేశాను.

"ఏం మే, అట్ల చూస్తాండావు? నా గొంతు కోస్తావా ఏంది?" అన్నాడు.

కదలొద్దని చెప్పి, పొద్దెక్కేదాకా అతని మెడనూ తెరనూ మార్చి మార్చి చూశాను. గంధం పూర్తిగా ఆరి పొట్టులా రాలే వేళకు మా గీత వెళ్ళి మిగతా రెండింటితో కలిసింది. ఆ వెంటనే సైరన్.

నీళ్ళలో నడిచే మనిషి నెమ్మదించినట్టే, తడిలో పోయే అల నెమ్మదిస్తుంది. ఇది మొదటి ఏడాది పాఠం. వంద అడుగుల డిష్ ఏరి తెచ్చినదంతా చివరికి అరచేయంత మూతలోంచి గొట్టంలోకి దూరాలి. ఆ మూత మీద మేం రోజూ పొద్దున్నే తడి పూస్తున్నాం, శుక్రవారం నీళ్ళ వాటా ఎక్కువ కనక తలంటుకున్న చేతులతో మరింత దట్టంగా పూస్తున్నాం. సాయంత్రం పరీక్ష వేళకు అది ఎండిపోయి ఉంటుంది. డిష్ అంతా జల్లెడ పట్టాం గానీ, దండం పెట్టే చోట ఎవరం వెతకలేదు. అది మాకు పని కాదు, పట్టికలో దానికి గడి లేదు.

సాయంత్రం సార్‌కు చెప్పాను. ఆయన పట్టిక తెప్పించుకుని గడులన్నీ మళ్ళీ చూశారు.

"మా గురువుల కాలం నుంచి పెడతాండాం ఆ బొట్టు," అన్నారు చివరికి. "అప్పుడు లేని దోషం ఇప్పుడు యాడ నుంచి వచ్చె?"

"అప్పటి అలలు మూరెడు పొడుగు సార్. బొట్టు వాటికి లెక్కలోకి రాదు. ఈ చిన్న యాంటెన్నా పంపే అలలు గోరంత."

ఆయన తన వేలి గోరు చూసుకుని తల ఊపారు. కానీ సార్ కష్టం లెక్కది కాదని నాకు తెలుసు. నలుగురి ప్రాణాలు గాల్లో ఉన్నప్పుడు, ఇన్నేళ్ళు పెట్టిన బొట్టును ఈ వారమే మానేయడమా అని ఆయన బెంగ. నాకు దేవుడి మీద పెద్దగా పట్టింపు లేదు, అయినా ఆ బెంగ నాకూ ఉంది.

"మానొద్దు సార్," అన్నాను. "జాగా మారుద్దాం."

869. బుధవారం

మస్తాన్, నేను పొడిగుడ్డతో మూతను రుద్దాం. ఏళ్ళ తరబడి పేరుకున్న పొరలు పెచ్చులుగా ఊడాయి. పసుపు కింద గంధం, గంధం కింద కుంకుమ, మళ్ళీ పసుపు. వీటిలో ఎక్కడో వకుళక్క వేలి గుర్తు కూడా ఉంటుందనుకుని ఆ పెచ్చులను గుడ్డలో మూట కట్టాను. కిందికి దిగి, బొట్టు తుడిచేశాం సార్ అన్నాను. ఆయన ముఖం మారిపోయింది. ఆ మాట అనొద్దు, మూత శుభ్రం చేసినామను అన్నారు. తర్వాత ఆయనే కుంకుమ తడిపి, డిష్ నిలబడ్డ స్తంభం మొదట్లో బొట్టు పెట్టారు.

మీట నొక్కగానే మూడు గీతలూ ఒకటయ్యాయి. పొద్దున్నే ఒకటయ్యాయి, చివరిదాకా విడిపోలేదు. తెర మీద ఒకే గీత ఉంటే మిగతా రెండూ ఏమయ్యాయని మస్తాన్ కంగారుపడ్డాడు.

"తమరి దోషము పరమపదించినది," అని పెట్టె గంభీరంగా ప్రకటించింది. అవతల సౌలె చప్పట్లు వినపడుతున్నాయి. ఈ వేళప్పుడు అలాంటి మాటలేమిటని సార్ పెట్టెను తిట్టారు.

తంగేడు మాట మాత్రం ఇంకా ముక్కలుగానే వస్తోంది. నిన్నటికన్నా నయం, అంతే. కావలసిన ఆరు అంకెల్లో ఒకటి దొరికింది. మిగతావి మళ్ళీ చెప్పమన్నాం.

870. గురువారం

మా ముగ్గురిలో ఎవరూ వెనకపడటం లేదు. అయినా ఓడ గొంతు పొద్దున సన్నగా మొదలై ఎండెక్కేకొద్దీ బలం పుంజుకుంటోంది. బాగా వినపడే వేళకు ఓడ దిగిపోతోంది. మా రోగం కుదరలేదేమోనని భయపడి సౌలెను అడిగాను. మూడు చోట్లా అదే కనపడుతోంది కనక మా తప్పు కాదంది. లోపం ఓడలోనే ఉంది. చిన్న యాంటెన్నా పాడైపోతోందేమోనని మడగాస్కర్ వాళ్ళ అంచనా. అలాగైతే చేయగలిగింది ఏమీ లేదు.

ఈరోజు ఇంకో అంకె కూడా దొరకలేదు. ఆదివారానికి లెక్క కట్టాలంటే రేపే ఆఖరు. సార్ అన్నం ముట్టుకోలేదు. గుడ్డి లెక్కకు సిద్ధం కమ్మని పై అధికారుల నుంచి కబురొచ్చింది.

నేను ఆ గొంతు బలం ఎక్కే తీరును గీసి గోడకు అంటించి, మంచం మీద పడుకుని చూస్తున్నాను. మొదట్లో కదలిక ఉండదు. తర్వాత నెమ్మదిగా ఎక్కుతుంది, మధ్యలో వేగం అందుకుంటుంది, చివర్లో మళ్ళీ నిదానిస్తుంది. ఈ వాలు నాకు తెలుసు. మంగళవారం పొద్దంతా మస్తాన్ మెడ మీద చూసింది ఇదే.

ఓడలో గడియారం మా గుట్ట గడియారమే. అక్కడా మాతో పాటే తెల్లారుతుంది, మాతో పాటే శుక్రవారం వస్తుంది. యాంటెన్నా ఆమె చేతికి అందే కిటికీలో ఉంది, దానికీ ఒక మూత ఉంటుంది. బొట్టు పెట్టనిదే మీట నొక్కకూడదని నాకు నేర్పింది ఎవరు?

పొద్దున్నే మేం వినపడలేదన్నాం. మర్నాడు మళ్ళీ వినపడలేదన్నాం. కష్టం పెరిగేకొద్దీ మేం ఏం చేశామో ఆమె కూడా అదే చేసి ఉంటుంది. తన వాటా నీళ్ళలోంచి తీసి, ఇంకాస్త దట్టంగా.

871. శుక్రవారం

తెల్లారకముందే సార్ తలుపు కొట్టాను. విని, కుర్చీలో కూలబడ్డారు. అవును, పెట్టే ఉంటుంది, పెట్టకుండా ఎట్ల ఉంటుంది, నేనే గదా నేర్పిస్తిని అన్నారు. కానీ మైకు ముందుకు వచ్చాక దాని మీట మీద పెట్టిన చెయ్యి తీసేశారు.

"ఆడబిడ్డ," అన్నారు నాతో. "అంత దూరంలో, పానాల మీంద ఉండాది. శుక్రవారం పొద్దున బొట్టు తుడిచెయ్యమని ఏ నోటితో చెప్పేది?"

మీరేమిటి సార్, ఇంత చదివి, అనాలనుకున్నాను. అనలేకపోయాను. మా ఇంట్లో దీపం ఆరదు, కొండెక్కుతుంది. గాజు పగలదు, పెరుగుతుంది. గడప దాటేవాళ్ళు పోతున్నా అనరు, పోయొస్తా అంటారు. ఆ మాట నాకూ నాలుక దాటదు. ఎందుకు ఆలస్యమని అవతల నుంచి సౌలె అడుగుతోంది. దీన్ని ఆ పెట్టె ఆమెకు ఎలా చెబుతుందో ఆలోచించే ఓపిక కూడా లేదు. మా మాట చేరి, ఆమె మాట తిరిగి రావడానికి గంటన్నర పైనే పడుతుంది. ఓడ దిగిపోయే వేళ దగ్గరపడుతోంది.

మైకు నేను తీసుకున్నాను.

"వకుళక్కా, నేను కుందనను. యాంటెన్నా మూతకు రోజూ బొట్టు పెడతాండావు గదా. ఆ తడి అడ్డమై నీ మాట మాకు రావడం లేదు. మా డిష్‌కూ ఇదే అయింది. అక్కా, మూత మీంద ఉండే కుంకుమ తీసి నీ నుదుటికి పెట్టుకో. ఆ ముగ్గురికీ పెట్టు. మూత పొడిగా ఉండాల. అప్పుడు అంకెలు చెప్పు."

సార్ నా తల మీద చెయ్యి పెట్టి తీశారు. 

ఎదురుచూశాం. పొంగలి చల్లారిపోయింది. మస్తాన్ పెన్సిల్ చెక్కి చెక్కి సగం చేశాడు. నేను చెప్పింది తప్పయితే, ఒక్క పొద్దు మిగిలి ఉన్నప్పుడు దాన్ని కూడా నా అనుమానానికి తగలేసినట్టే.  ఎండ గది గడప దాకా పాకింది. సైరన్‌కు ముందు ఒక చిన్న కూత వేస్తారు, అది వేశారు. ఎండ ముదిరేలోగా డిష్ వంచకపోతే పలకలు వేడికి మెలిపడతాయని మస్తాన్ గుర్తుచేశాడు. మెలిపడనీ అన్నారు సార్.

అప్పుడు వచ్చింది. పక్కగదిలోంచి మాట్లాడినట్టు వచ్చింది. ముందు అంకెలు. ఒత్తిడి, వేడి, ఇంధనం, ఒక్కొక్కటీ రెండుసార్లు, ఆమె తరగతి గదిలో పాఠం అప్పజెప్పే గొంతుతో. మస్తాన్ రాసుకుంటున్నాడు, సౌలె అక్కడ రాసుకుంటోంది, మడగాస్కర్‌లో రాసుకుంటున్నారు. ఆరూ వచ్చాయి. ఆరూ మూడు చోట్లా ఒకటిగానే ఉన్నాయి. 

"నుదుటికి పెట్టుకున్నా మే," అంది వకుళక్క. "నలుగురం పెట్టుకున్నాం. మీరు వినపడలేదన్నప్పుడల్లా ఇంకొంచెం తడిపి పెడితిని. నా చేత్తో నేనే నా నోరు మూసుకుంటాండానని నాకేం తెలుసు." నవ్వింది. ఏడ్చిందేమో కూడా. "సార్‌కు చెప్పు. ఆ పొద్దు గుట్ట దిగేటప్పుడు పోయొస్తా అనే చెప్పినా."

సైరన్ మోగింది. సార్ కళ్ళజోడు తీసి, తెల్ల చొక్కా అంచుతో తుడుచుకుంటూ అలాగే నిలబడిపోయారు. మేమే ఆయన చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళాం.

874. సోమవారం

లెక్క శనివారం పంపాం. నిన్న ఇంజిన్ మండించే వేళకు ఓడ గురుగ్రహం వెనక ఉంది కాబట్టి ఏం జరిగిందీ తెలియలేదు. పొద్దున దాకా ఆగమన్నారు. సౌలె రాత్రంతా మేలుకునే ఉందట, పెట్టె ఆ సంగతిని జాగరణ చేసితిని అని చెప్పింది.

ఈ వారం నిచ్చెన నాది. దుమ్ము దులిపాను, గ్రీజు పెట్టాను, తీగలు చూశాను. పట్టికలో సార్ కొత్త గడి గీశారు, బొట్టు ఎక్కడ అని. మూత దగ్గరికి చేరాక అలవాటు కొద్దీ చెయ్యి లేచింది. చెంచాడు నీళ్ళతో తడిపిన కుంకుమ వేలికి ఉంది. నా నుదుటికి పెట్టుకుని, దండం పెట్టి, దిగాను. గడిలో కుందన అని రాశాను.

మీట నొక్కాం. తంగేడు నుంచి ఎప్పుడూ వచ్చే సన్నటి కూత వచ్చింది, శుక్రవారం కన్నా పైస్థాయిలో. ఒక్క పిసరే. నా చెవులు నాకు నమ్మబుద్ధి కాక సౌలెను అడిగాను, ఆమె డిష్‌లోనూ అంతేనా అని. అంతేనంది. సార్ తెర దగ్గరికి వచ్చి అంకె చూసుకుని, మెల్లగా కూర్చున్నారు. దూరం పోయేవాళ్ళ కూత కిందికి జారుతుందనీ, దగ్గరికి వచ్చేవాళ్ళది పైకి లేస్తుందనీ ఆయన మాకు మొదటి ఏడాదిలో చెప్పిన పాఠమే.

వస్తాండారు, అన్నారు సార్.